జీతానికి కూడా ఒక విత్తనం మూట

అనంతపురం పల్లెల్లో వేరుశనగ పండించే ఇళ్లలో, గోడవారగా, విత్తనానికని తీసిపెట్టిన కాయల మూటలు ఉండేవి. రాయితీ విత్తనం వచ్చాక సొంత విత్తనం దాచుకునేవాళ్లు తగ్గారు గానీ, దాచిన ఇంట్లో ఆ మూట జోలికి ఎవరూ పోరు. ఎండాకాలంలో చేతిలో డబ్బు ఆడకపోతే చేబదులు తెచ్చుకుంటారు. పిల్లలు వేయించిన గింజల కోసం మారాం చేస్తే దుకాణంలో కొనిస్తారు. మూటను మాత్రం విప్పరు. ఆ ఇంటివాళ్లందరూ మహా నిగ్రహపరులు కాబట్టి ఇది సాధ్యమవుతున్నదని అనుకుంటే పొరపాటు. మూట విడిగా ఉంది. దానికొక పేరుంది. అది దేనికోసమో ఇంట్లో చిన్న పిల్లవాడికి కూడా తెలుసు. మూతి గోనెదారంతో కుట్టేసి ఉంది, విప్పాలంటే అందరి కళ్ల ముందే విప్పాలి.

అదే ఇంటి నుంచి పట్నం వెళ్లి నెల జీతానికి చేరిన కొడుకు డబ్బుకు ఈ ఏర్పాట్లలో ఒక్కటీ లేదు. ఇంటద్దె, పాప స్కూలు ఫీజు, అమ్మ మందుల డబ్బు, సాయంత్రం పానీపూరీ డబ్బు అన్నీ ఒకే ఖాతాలో, ఒకే అంకెగా కనిపిస్తాయి. ఫోను తెరిస్తే 19,400 అని ఉంటుంది. అందులో తాను ఖర్చు పెట్టుకోదగినది ఎంతో ఆ అంకె చెప్పదు. నెల సగానికల్లా జీతం కరిగిపోతే ఇంట్లో పెద్దవాళ్లు దుబారా మనిషని తిడతారు, ఒంటరిగా ఉన్నప్పుడు తనను తానే తిట్టుకుంటాడు. ఆ తిట్లలో న్యాయం తక్కువ. ఖర్చును అదుపులో పెట్టడం ముందుగా ఏర్పాటుకు సంబంధించిన విషయం, మనోబలం మాట ఆ తర్వాతిది.

కోరికకూ చెల్లింపుకూ మధ్య ఒకప్పుడు దూరం ఉండేది. వస్తువు నచ్చితే ఇంటికి రావాలి, బీరువా తెరవాలి, నోట్లు లెక్కపెట్టాలి, భార్యకో భర్తకో చెప్పాలి. ఈలోగా కోరిక సగం చల్లారేది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది. 2023 ఆగస్టు నాటికి దేశంలో ఒక్క నెలలోనే వెయ్యి కోట్ల లావాదేవీలు దాటాయి. టవర్ క్లాక్ దగ్గర టీ బండికీ, బస్టాండు ముందు పూలు అమ్మే మనిషికీ చిల్లర గొడవ తప్పింది, డబ్బు నేరుగా ఖాతాలో పడుతోంది. ఇది గొప్ప మేలు, దాన్ని వదులుకొమ్మని ఎవరూ అనలేరు. అయితే ఆ మేలుతో పాటే మధ్యలో ఉన్న దూరం కూడా పోయింది. చేతిలోంచి నోటు జారుతున్నప్పుడు కలిగే చిన్న నొప్పి స్కాన్ చేసేటప్పుడు కలగదు.

ఈ నొప్పి కవుల ఊహ కాదు. అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల మధ్య బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకు వేలం పెట్టారు. కొందరికి నగదు ఇవ్వాలని చెప్పారు, మరికొందరికి కార్డుతో కట్టవచ్చని చెప్పారు. టికెట్లు అవే. కార్డు వాళ్లు నగదు వాళ్లకంటే దాదాపు రెట్టింపు పాడారు. అప్పటికి అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోను లేదు, జేబులోనే దుకాణం పెట్టుకుని తిరిగే కాలం ఇంకా రాలేదు.

కిరాణా కొట్టుకూ సూపర్ మార్కెట్‌కూ ఉన్న తేడాలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. నెల సరుకుల చీటీ రాసి కొట్లో ఇస్తే, దుకాణదారు చీటీలో ఉన్నవి మాత్రమే కట్టి ఇస్తాడు. కొనేవాడికీ సరుకుకీ మధ్య ఒక బల్ల అడ్డం ఉంటుంది. సూపర్ మార్కెట్‌లో ఆ బల్ల తీసేశారు. కందిపప్పు చివరి వరుసలో, బిస్కెట్లు పిల్లల కంటికి అందే ఎత్తులో, చాక్లెట్లు డబ్బు కట్టే చోట ఉంటాయి. చీటీ లేకుండా వెళ్లినవాడు కందిపప్పు మరిచిపోయి మిగతావన్నీ తెచ్చుకుంటాడు. ఇక ఫోనులోని దుకాణంలో నడవాల్సిన పని కూడా లేదు.

ఒక ఇంటి లెక్క తీసుకుందాం. ఇది ఉదాహరణకు వేసిన లెక్కే అయినా అనంతపురంలో చాలామంది తమ ఇల్లే అనుకునే లెక్క. నెలకు 28,000 రాబడి. అద్దె 6,500. సరుకులు, పాలు, కూరగాయలు 7,500. స్కూలు ఆటో, పెట్రోలు, ట్యూషన్ 4,500. చీటీ 3,000. కరెంటు, గ్యాసు, ఫోను 2,000. ఊళ్లో తల్లిదండ్రుల మందులకు 1,500. మొత్తం 25,000. కాగితం మీద 3,000 మిగలాలి. నెలాఖరుకు చూస్తే 2,100 అప్పు తేలింది. అంటే 5,100 ఎక్కడికో పోయింది. ఎవరూ పెద్దగా ఏమీ కొనలేదు, ఇంట్లో కొత్త వస్తువేదీ కనిపించడం లేదు.

బ్యాంకు స్టేట్‌మెంటు తీసి కూర్చుంటే సంగతి బయటపడుతుంది. 200 రూపాయల లోపు చెల్లింపులు 74. సగటున ఒక్కోటి 48 రూపాయలు. టీ, మిర్చి బజ్జీ, కూల్‌డ్రింకు, ఆటో, పిల్లవాడి బొమ్మ, రీచార్జి. ఆ మొత్తం 3,552. దానికి తోడు రాత్రి పదకొండు గంటలకు పడుకుని ఫోను చూస్తూ కొన్న చొక్కా 899, అలసిపోయి వంట చేయలేని ఒక శనివారం తెప్పించుకున్న బిర్యానీలు 649. కలిపితే సరిగ్గా 5,100. ఇందులో ఏ ఒక్క ఖర్చునూ పాపమని అనలేం. 30 రూపాయల బజ్జీలకు అపరాధ భావం పెంచుకోవాల్సిన పని లేదు. కానీ ఈ 74 చెల్లింపులకూ ఎవరూ ముందుగా చోటు కేటాయించలేదు, అవి స్కూలు ఖర్చు డబ్బులోంచి, చీటీ డబ్బులోంచి చెప్పాపెట్టకుండా పోతున్నాయి.

ఇంతకంటే పెద్ద తప్పు ఆ 3,000 దగ్గరే ఉంది. అది మిగులు కాదు. జూన్‌లో పుస్తకాలు, యూనిఫాం 9,000. ఉగాదికీ దసరాకూ బట్టలు 10,000. పెళ్లిళ్లు, గృహప్రవేశాల చదివింపులు 8,000. బండి బీమా, సర్వీసింగు 4,000. ఊళ్లో జాతరకు, కదిరి తేరుకు ప్రయాణాలు 5,000. ఏడాదికి 36,000, నెలకు పంచితే 3,000. అంటే మిగిలిందనుకున్న ప్రతి రూపాయికీ ముందే ఒక పేరు రాసి ఉంది, మనం చదవలేదు. జూన్ ప్రతి సంవత్సరం వస్తుంది. అయినా ప్రతి జూన్‌లోనూ స్కూలు ఖర్చును హఠాత్తుగా వచ్చిపడిన కష్టంగా చూసి, నగలు తాకట్టు పెట్టే ఇళ్లు ఎన్నో. బడ్జెట్ వేసుకున్నా నిలబడలేదని చెప్పే చాలామంది వేసుకున్నది నెల బడ్జెట్టే. బతుకు మాత్రం ఏడాది లెక్కన నడుస్తుంది.

అందుకే మొదటి పని ఖర్చు తగ్గించడం కాదు, మూటలు విడదీయడం. జీతం పడిన రోజునే, సాయంత్రానికి ముందే, ఏడాది ఖర్చుల 3,000 వేరే ఖాతాకు వెళ్లిపోవాలి. ఆ ఖాతాను యూపీఐ యాప్‌కు జోడించకూడదు, దాని కార్డు ఇంట్లో బీరువాలో ఉండాలి. పక్క ఊరి పోస్టాఫీసులో ఉంటే ఇంకా మంచిది, తీసుకోవాలంటే వెళ్లాల్సి వస్తుంది. డబ్బుకు పేరు పెట్టి విడిగా ఉంచితే నిజంగానే నిలుస్తుందా అంటే, దానికి మన దేశంలోనే రుజువు ఉంది. అమర్ చీమా, దిలీప్ సోమన్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో గ్రామీణ ప్రాంతాల కూలీ కుటుంబాలకు పొదుపు సొమ్మును కవర్లలో పెట్టి ఇచ్చారు. మొత్తం ఒకే కవరులో పెట్టుకున్నవారి కంటే రెండు కవర్లుగా విడదీసుకున్నవారు ఎక్కువ మిగుల్చుకున్నారు. కవరు మీద సొంత పిల్లల ఫొటో ఉంటే పొదుపు మరింత నిలిచింది. కవరు చింపడం ఎవరికైనా క్షణంలో పని. అయినా ఆ చింపడం ఒక నిర్ణయం అవుతుంది, రెండో కవరు చింపాలంటే రెండో నిర్ణయం కావాలి. మనుషులు డబ్బును మనసులో వేర్వేరు ఖాతాలుగా చూస్తారని వివరించిన రిచర్డ్ థేలర్‌కు 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన ఇళ్లలో పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో విడివిడిగా డబ్బు దాచిన ఆడవాళ్లు ఆ సూత్రాన్ని పేరు పెట్టకుండానే ఆచరించారు.

రెండో పని చేతి ఖర్చుకు ఒక చిన్న మూట ఏర్పాటు చేసి, దాన్ని నెలకు కాకుండా వారానికి నింపడం. పైన చెప్పిన ఇంటి లెక్కలో దీనికి విడిగా చోటు లేదు కాబట్టి మిగతా పద్దుల్లోంచే కొంత తగ్గించుకోవాలి. భార్యాభర్తలిద్దరికీ కలిపి వారానికి 600 అనుకుంటే, ఆ 600 ఉన్న ఖాతా ఒక్కటే ఫోనులోని యాప్‌కు జోడించి ఉండాలి. జీతం పడే ఖాతాను యాప్‌లోంచి తీసేయవచ్చు, దానికి బ్యాంకుకు వెళ్లాల్సిన పని కూడా లేదు. గురువారానికి 600 అయిపోతే బజ్జీల బండి దగ్గర ఫోను తానే వద్దంటుంది. మనం మనతో పోట్లాడాల్సిన అవసరం ఉండదు. నెల మొత్తానికి 2,400 ఒకేసారి పెడితే పన్నెండో తేదీకి అయిపోతుంది, మిగతా పద్దెనిమిది రోజులు భరించడం కష్టం కనుక లెక్కే వదిలేస్తారు. నిండా మునిగినవాడికి చలేమిటి అన్న సామెత బడ్జెట్ విషయంలో చేసినంత నష్టం మరెక్కడా చేసి ఉండదు. ఒక రోజు 899 పెట్టి చొక్కా కొన్నాం కాబట్టి ఈ నెల ఎలాగూ పోయిందని అనుకోవడంతోనే అసలు నష్టం మొదలవుతుంది. వారం లెక్కలో ఆ పోయిన కాలం గరిష్ఠంగా ఆరు రోజులు, ఆదివారం మళ్లీ కొత్త మూట వస్తుంది.

ఈ 600లో ఇద్దరికీ చెరి కొంత వాటా, దానికి ఒకరినొకరు లెక్క అడగకూడని ఒప్పందం కూడా ఉండాలి. చాలా ఇళ్లలో బడ్జెట్ విరిగేది దుకాణం దగ్గర కాదు, "అది ఎందుకు కొన్నావు" అన్న ప్రశ్న దగ్గర. ఆ ప్రశ్నకు భయపడి భర్త సిగరెట్ ఖర్చు దాస్తాడు, భార్య చీర ధర తగ్గించి చెబుతుంది, రెండు అబద్ధాల మధ్య లెక్క ఎప్పటికీ కుదరదు.

200 దాటిన కోరికలకు వేరే పద్ధతి కావాలి. బీరువా తలుపుకు ఒక తెల్ల కాగితం అంటించి, కొనాలనిపించిన వస్తువు, ధర, తేదీ అందులో రాసుకోవాలి. కొనవద్దని ఎవరూ అనరు. ఆదివారం ఆ కాగితం ముందు నిలబడి చూసి, అప్పటికీ కావాలనిపిస్తే కొనుక్కోవచ్చు. బుధవారం రాత్రి రాసిన మిక్సీ జార్ ఆదివారానికి కూడా అవసరంగానే కనిపిస్తుంది, ఎందుకంటే పాతది నిజంగానే పగిలింది. అదే రాత్రి రాసిన చేతి గడియారాన్ని చూసి, ఇది ఎందుకు రాశామా అనిపిస్తుంది. ఫోనులోని దుకాణాల్లో కార్డు వివరాలు భద్రపరచకుండా ఉండటం, ఆఫర్ల నోటిఫికేషన్లు ఆపేయడం ఇలాంటి చిన్న అడ్డుగోడలే. కార్డుపై ఆన్‌లైన్ వాడకాన్ని ఖాతాదారు తానే ఆపి, కావలసినప్పుడు తెరుచుకునే వీలు కల్పించాలని రిజర్వు బ్యాంకు 2020 జనవరిలోనే బ్యాంకులను ఆదేశించింది. ఆ మీట బ్యాంకు యాప్‌లలో ఉంటుంది, వాడేవాళ్లే తక్కువ.

అవతలివైపు అమ్మేవాళ్లు కూడా ఊరికే కూర్చోలేదు. "రెండే మిగిలాయి", "ఇంకా పది నిమిషాలే" అని తొందరపెట్టడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం, చివరి మెట్టులో కొత్త రుసుములు బయటపెట్టడం, సభ్యత్వం తీసుకోవడం ఒక్క నొక్కుతో, రద్దు చేసుకోవడం పది తలుపులతో సాగేలా చేయడం, ఇవన్నీ ఆలోచించి తయారుచేసిన ఎత్తుగడలు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇలాంటి 13 పద్ధతులను పేరు పేరునా నిషేధించింది. ఎదురైనవారు 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. నెలనెలా తనంతట తానే కోత పడే చందాలకు 24 గంటల ముందు సమాచారం పంపాలన్న నిబంధన 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. ఆ సందేశాన్ని చదవకుండా తుడిచేయడం మన అలవాటు. ఆరు నెలలుగా చూడని ఓటీటీకి డబ్బు కడుతున్న ఇళ్లు అలాగే కడుతూ ఉంటాయి.

వడ్డీ గురించి నగరాల భాషలో శాతాలుగా చెబితే మన దగ్గర ఎవరికీ గుండె ఝల్లుమనదు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే గట్టి వడ్డీ. మూడు రూపాయలు అడిగేవాడి గడప తొక్కడానికి నాలుగు సార్లు ఆలోచిస్తారు. క్రెడిట్ కార్డు బాకీని పూర్తిగా కట్టకుండా "కనీస మొత్తం" మాత్రమే కడితే చాలా కార్డుల మీద పడేది నెలకు 3 నుంచి 3.75 శాతం, అంటే మూడు నుంచి మూడు ముప్పావు రూపాయల వడ్డీ. పైగా బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి కూడా గడువు సౌకర్యం పోయి, కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. రచ్చబండ దగ్గర ఎవరూ ఒప్పుకోని షరతు ఇది. ప్లాస్టిక్ ముక్క మీద ఉండేసరికి దాన్ని చాలామంది గుర్తుపట్టడం లేదు.

వడ్డీ లేని ఈఎంఐ అన్న మాటను కూడా ఇలాగే చూడాలి. సున్నా వడ్డీ అనేదే లేదని, ఏదో ఒక రూపంలో ఆ వడ్డీని కొనేవాడి నుంచే రాబడుతున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు చెప్పింది. నగదు ఇచ్చేవాడికి దక్కే తగ్గింపు ఈఎంఐ వాడికి దక్కదు, ప్రాసెసింగ్ రుసుము, జీఎస్టీ వేరు. వీటన్నిటికంటే పెద్ద ఖర్చు ఇంకొకటి ఉంది. 18,000 ఫోను కొనేవాడు 18,000 గురించి ఆలోచించడం మానేసి నెలకు కట్టే 3,000 గురించి ఆలోచిస్తాడు. ఆ 3,000 మన ఉదాహరణలో ఏడాది ఖర్చుల మూట.

బంగారం విషయంలో ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పెళ్లి నగలకు ప్రొద్దుటూరు వెళ్లడం సీమ అంతటా అలవాటు. ముందే అనుకుని కొనే ఆ నగలతో పేచీ లేదు. అక్షయ తృతీయ ప్రకటన చూసి, అప్పటికప్పుడు గొలుసు కొని, ఇది ఖర్చు కాదు పొదుపు అని సర్దిచెప్పుకోవడంతోనే చిక్కు. కొనేటప్పుడు తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ కడతాం. అమ్మబోతే అవేవీ తిరిగి రావు. క్షణికంగా పుట్టిన కోరిక బంగారు రంగులో ఉన్నా క్షణికమైనదే.

అన్నిటికంటే కష్టమైనది నలుగురిలో పెట్టే ఖర్చు. చిన్నాన్న కూతురి పెళ్లిలో 1,116 చదివించాలనుకుని వెళ్లి, పక్కవాడు 5,116 అని మైకులో చదివించుకోగానే చేయి జేబులోకి వెళ్తుంది. ఇది కూడా అప్పటికప్పుడు పుట్టిన ఖర్చే, కాకపోతే దీని వెనక ఉన్నది ఆశ కాదు, మాట పడకూడదన్న భయం. దీనికి మందు ముందుగా నిర్ణయించుకోవడమే. దగ్గరివాళ్లకు ఇంత, దూరపువాళ్లకు ఇంత అని సంవత్సరం మొదట్లో భార్యాభర్తలు కూర్చుని రాసుకుని, ఇంటి దగ్గరే కవరులో పెట్టి అంటించి తీసుకెళ్లాలి. మండపంలో మళ్లీ నిర్ణయం తీసుకునే అవకాశం ఉండకూడదు.

జీతం లేని ఇళ్లకు ఈ లెక్క వేరుగా ఉంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన కురిసే అనంతపురంలో పంట డబ్బు ఒకేసారి వస్తుంది, కొన్నేళ్లు అసలు రాదు. వచ్చిన వారమే అన్నిటికంటే ప్రమాదకరం. ఏడాదంతా అణచుకున్న కోరికలన్నీ ఆ వారంలోనే లేస్తాయి, దుకాణాలకూ ఆ సంగతి తెలుసు. రైతు కుటుంబం ఆ సొమ్మును ముందుగా పన్నెండు భాగాలు చేసి నెలకొకటి జీతంలా తీసుకోవడం మంచిది, వానలు తప్పిన ఏడాదిని తలచుకుని పద్దెనిమిది భాగాలు చేస్తే ఇంకా మంచిది. దానికంటే ముందు పంట రుణం కట్టాలి. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కట్టినవారికి 3 శాతం రాయితీ వచ్చి 4 శాతమే పడుతుంది. లక్షన్నర రుణం ఉన్న రైతు కొత్త టీవీ కోసం గడువు దాటించుకుంటే ఆ టీవీ ధరకు కనీసం 4,500 కలుపుకోవాలి.

కూలీ పనికి వెళ్లే ఇళ్లకు మిగులే లేనప్పుడు పొదుపు పాఠాలు చెప్పడం న్యాయం కాదు. అక్కడ సమస్య కూలి రేటుది, పని దొరికే రోజులది. 28,000 వచ్చే ఇంట్లో కూడా లెక్క తేలిన తర్వాత ఇంకా తక్కువ పడితే, అది అద్దె తగ్గించుకోవాలన్న సంకేతమో, రాబడి పెంచుకోవాలన్న సంకేతమో కావచ్చు. 30 రూపాయల బజ్జీలను మానేసి 6,500 అద్దె భారాన్ని మోయలేం.

మొదలుపెట్టడానికి ఒకటో తేదీ రావాల్సిన పని లేదు. గత మూడు నెలల స్టేట్‌మెంటు ఫోనులో కాకుండా కాగితం మీద ముద్రించుకుని, ఇద్దరూ కూర్చుని, ప్రతి చెల్లింపు పక్కన అది ఏ మూటలోంచి పోయిందో రాయాలి. గంటన్నర పడుతుంది. మధ్యలో ఒకటి రెండు చోట్ల మాటా మాటా వస్తుంది. కొన్నిటి పక్కన ఏమి రాయాలో ఎవరికీ గుర్తురాదు. అలా ఖాళీగా మిగిలిన వరుసలను కూడితే వచ్చే మొత్తమే ఆ ఇంట్లో చేతి ఖర్చు మూటకు తొలి కొలత.